జావా పిట్ట అచ్చులు

ఎవరు ఏ ప్రశ్న అడిగినా దాని అడుగున ధర ఉంటుందని మా ఇంట్లో అందరి నమ్మకం. శృంగవరపుకోటలో మా నాన్నది రాగి, ఇత్తడి సామాన్ల కొట్టు. సంతరోజు కొండ దిగి వచ్చినవాళ్ళు బిందెను వేలితో తట్టి "ఇది ఏ ఊరి పని?" అని అడిగితే, మా నాన్న ఊరి పేరు చెప్పేవాడు కాదు. "నీకెంతలో కావాలి?" అనేవాడు. "బరువుంటుందా?" అన్నారంటే బేరం మొదలైనట్టు. "మా అత్తకి నచ్చదేమో" అన్నారంటే సగం దూరం వచ్చినట్టు. "వద్దులే" అని గుమ్మం దిగారంటే కుదిరిపోయినట్టే, వెనక్కి పిలవడమే తరువాయి. ఈ చదువు నాకు అక్షరాల కంటే ముందే వచ్చింది. నరసన్నపేటలో ఇంకో సామాన్ల కొట్టువాళ్ళ ఇంటికి కోడలినయ్యాక దానికి పదును పెట్టాను. పెళ్ళిచూపుల రోజున మా ఆయన అందరి ముందూ "పిల్ల నాకు నచ్చింది" అనేశాడు. ఈయనకు బేరం రాదని అప్పుడే తెలిసిపోయింది. అందుకే కొట్టులో అమ్మడం ఆయన వంతు, కొనడం నా వంతు అని మొదట్లోనే పంచుకున్నాం.

ఇప్పుడు కొట్టు ముందు భాగమంతా స్టీలూ, కుక్కర్లూ, ప్లాస్టిక్ డబ్బాలూ. వెనక గది నాది. పాత గంగాళాలు, దీపపు సెమ్మెలు, మరచెంబులు, ఎవరింట్లోనో అటక మీద నుంచి దిగిన తాంబూలపు పందాను పెట్టెలు అక్కడ ఉంటాయి. ఫోన్లో ఫోటోలు పెడితే విశాఖపట్నం నుంచీ హైదరాబాదు నుంచీ అడుగుతారు. ఒకప్పుడు కరిగించడానికి కొన్న వస్తువుల్నే ఇప్పుడు తుడిచి అమ్ముకుంటున్నాను.

ఆ గదిలోకి మొదటి రాగి అచ్చు ఎలా వచ్చిందో చెబితే మా ఆయన ఇప్పటికీ నవ్వుతాడు. పాత రాగి మూట ఒకటి తూకానికి కొన్నాను. అందులో చెయ్యి వెడల్పున చదరంగా ఒక వస్తువు కనబడింది. వెనక పిడి, ముందు వైపు రాగి రేకును సన్నని పట్టీలుగా కోసి, అంచు మీద నిలబెట్టి, వంచి అతికిన పువ్వులు. "జంతికల గొట్టానిదేమో" అన్నాడాయన. "ఇంత జంతిక ఎవరు తింటారు?" అని గోడకు తగిలించాను. కొన్నాళ్ళకు విశాఖపట్నం నుంచి సెమ్మె కోసం వచ్చినాయన దాన్ని చూసి ధర అడిగాడు. సిగ్గు విడిచి ఒక ధర చెప్పాను. ఆయన మారుమాట లేకుండా డబ్బు తీశాడు. నాకు ఆ పూట అన్నం సహించలేదు. నాలాగా పెరిగినవాళ్ళకు బేరమాడకుండా కొనుక్కుపోయేవాడి కంటే పెద్ద అవమానం లేదు. నేను అమ్మిందేమిటో నాకు తెలియదు, ఆయనకు తెలుసు, అంతే.

తర్వాత తెలుసుకున్నాను. జావా దీవిలో బట్టకు రంగు వేసే ముందు వేడి మైనంతో బొమ్మ వేస్తారు. బట్టను రంగులో ముంచాక మైనాన్ని తీసేస్తే, మైనం ఉన్నచోట బొమ్మ తెల్లగా మిగులుతుంది. పని త్వరగా కావడానికి మైనం అద్దే రాగి అచ్చులు ఇవి. మన వైపు అద్దకం అచ్చులు చెక్కవి. కొన్నిచోట్ల చెక్కలోకి ఇత్తడి రేకు దిగగొడతారు గానీ చెక్క మాత్రం ఉంటుంది. చెక్కన్నదే లేకుండా, వెనక నుంచి చూస్తే అవతలి వెలుగు కనబడేలా మొత్తం రాగితోనే ఉంటే అది ఆ దేశపు పని అనుకోవచ్చు. అలా అని ప్రతిదీ పాతది కాదు. గోడలకు తగిలించుకోవడానికి కొత్తగా చేసి, మందు పూసి నల్లబరిచినవి బోలెడున్నాయి. అలాంటివి రెండు నేనే కొన్నాను. ఇప్పుడు మా ఇంట్లో కాఫీ గ్లాసులు వాటి మీదే పెడతాం.

ఇక అసలు సంగతి. మా కొట్టుకు ఎదురుగా సంతరోజున ఎండుచేపలు అమ్ముకునే ఒకావిడ ఉంది. ఊరు కళింగపట్నం దాటాక సముద్రపు ఒడ్డున. నాకంటే చిన్నది, అక్కా అనడానికి మా వైపు మాటలో నన్ను అప్పా అంటుంది. ఏళ్ళ తరబడి ఆమె అమ్మే నెత్తళ్ళ చేపల మీద నేనూ, నా గిన్నెల మీద ఆవిడా బేరమాడుకుంటున్నాం. నేను సగానికి అడుగుతాను. "ఓలమ్మా, నీ ఇంట్లో పిల్లి కూడా అంత తక్కువకి తినదు" అంటుంది. చివరికి ఇద్దరం ముందే అనుకున్న చోటికి వస్తాం. ఇద్దరం గెలిచామనుకుని ఇంటికి వెళతాం.

ఒక సంతరోజు మధ్యాహ్నం జనం పలచబడ్డాక, బుట్ట అడుగు నుంచి పాత లుంగీ గుడ్డలో చుట్టినదేదో తీసి మా కొట్టు అద్దాల బల్ల మీద పెట్టింది. గుడ్డ విప్పగానే ముందు ఎండుచేపల వాసన వచ్చింది. తర్వాత రాగి కనబడింది.

"అప్పా, ఇది ఏ ఊరిదో సెప్పు."

కళ్ళజోడు పెట్టుకున్నాను. ముఖంలో ఏమీ కనబడకుండా ఉండడానికి నాకు కళ్ళజోడు బాగా పనికొస్తుంది. తీగల మధ్య తోక పొడవైన పిట్ట ఒకటి. ఒక్కో ఈక ఒక్కో రాగి పట్టీ. చుట్టూ చుక్కల కోసం రాగి తీగ ముక్కలు నిలబెట్టి ఉన్నాయి. సొట్టబిందెను చూసినట్టు ఒకసారి తిప్పి బల్ల మీద పెట్టేశాను.

"ఎంతకిస్తావే?"

"ఎంతకని నానడగనేదు. ఏ ఊరిదని అడిగినాను."

"ఏ ఊరిదైతే ఏటే? రాగి రాగే."

"ఊరు సెప్పప్పా."

ఒక ధర అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. కాస్త పెంచాను. లుంగీ గుడ్డ మళ్ళీ చుట్టడం మొదలెట్టింది. ఇంకాస్త పెంచాను. మూట చంకన పెట్టుకుని గుమ్మం దిగింది. అమ్మయ్య, కుదిరింది అనుకుని పిలిచాను. వెనక్కి తిరిగి అక్కడి నుంచే అడిగింది.

"ఊరు సెప్తావా?"

ఇంత గట్టి బేరగత్తెను నా జన్మలో చూడలేదనుకున్నాను. లోపల కుక్కర్ల మూతలు సర్దుకుంటున్న మా ఆయన తల ఎత్తకుండా అన్నాడు. "ఆవిడ ఊరే అడుగుతన్నాదే. బేరం కాదు. ఎవరైనా మామూలుగా అడిగితే నీకు తెలీదేటి?"

పిలిచి కూర్చోబెట్టాను. అప్పుడు చెప్పింది.

ఆమె తండ్రి కుర్రతనంలో విశాఖపట్నం రేవులో సరుకుల ఓడ ఎక్కి కళాసీగా వెళ్ళిపోయాడు. కొన్నేళ్ళపాటు జాడ లేదు. తిరిగొచ్చినప్పుడు అతని సంచిలో ఉన్నవి ఇలాంటి రాగి వస్తువులు రెండే. జావాలో ఓడ చెడిపోయి ఆగిపోయిందనీ, అక్కడ గుడ్డలకు మైనం అద్దేవాళ్ళ పెరట్లో కట్టెలు మోసి బతికాననీ, వచ్చేటప్పుడు వాళ్ళు ఇవి ఇచ్చారనీ చెప్పాడు. ఊరు నమ్మలేదు. జైల్లో ఉన్నాడని కొందరు, కాకినాడలో ఇంకో సంసారం పెట్టాడని కొందరు. "జావా నేదు గీవా నేదు, ఏ సత్రంలోనో జావ తాగీసొచ్చినాడు" అని నవ్వారు. ఆ దేశంలో ఒకే గుడ్డకి ఇటూ అటూ రెండు పక్కలా అచ్చు వేస్తారని అతను చెప్పిన రోజున మరీ నవ్వారు. రెండు పక్కలా ఎందుకు, తిరగేసి కట్టుకోడానికా? ఆనాటి నుంచి ఒడ్డున వలలు లాగుతూ ఎవరికి పొద్దు పోకపోయినా ఒకటే మాట: "ఒరే జావా, గుడ్డకి ఎన్ని పక్కల్రా?" పిల్లలు కూడా అడిగేవారు. కొన్నాళ్ళకు అతను ఆ కథ చెప్పడం మానేశాడు. పేరు మాత్రం పోలేదు. ఇప్పటికీ ఊళ్ళో అతను జావా ముసలోడే.

"మా తమ్ముణ్ణి బళ్ళో జావా కొడుకనేవోరు. ఆడికి ఆ కసి ఇంకా పోనేదు" అంది. "ఇప్పుడు రాగి రేటు బాగున్నాదంట. పాత సామాన్ల ఆటో ఊళ్ళోకి వస్తన్నాది. తూకానికేసీద్దాం, ఆ అబద్దాన్ని ఇంట్లో ఎన్నాళ్ళు దాస్తామంతన్నాడు. నానొక మాటన్నాను. నిజంగా జావాదైతే ఉంచుదాం, కాదంటే నువ్వన్నట్టే తూకానికేసీ అని. సరే అన్నాడు. ఆటో మళ్ళీ వచ్చీ లోపల సెప్పాల."

"మీ అయ్య ఏమన్నాడు?"

"ఏటీ అనడు. మీ ఇష్టమంతాడు."

అప్పుడు నిజంగా చూడడం మొదలెట్టాను. అంతవరకు కొనడానికి చూశాను. రెండూ ఒకటి కాదు.

మా కొట్లో పాత రాగి ఏది వచ్చినా ముందు చింతపండు రసంలో పడాల్సిందే. మా మావగారి నాటి ఆచారం అది. మసి పోతేగాని రంగు తెలియదు, రంగు తెలిస్తేగాని ధర చెప్పకూడదు. నేను భూతద్దం వెతుక్కుంటుంటే మా ఆయన అలవాటు కొద్దీ చింతపండు గిన్నె పట్టుకొచ్చి అచ్చు అందుకోబోయాడు. "ముట్టుకోకండి!" అని అరిచాను. కొట్లో ఉన్న ముగ్గురం ఉలిక్కిపడ్డాం, నాతో సహా. ఆ మూలల్లో పేరుకున్న గోధుమరంగు మురికే కదా ఇప్పుడు నాకు కావలసిన సాక్ష్యం. కొత్తగా చేసి నల్లబరిచిన వాటిల్లో నలుపు ఉంటుంది గానీ మైనం ఉండదు. అవి ఎన్నడూ మైనంలో మునగలేదు.

ముందుగా అచ్చును బోర్లించి బల్ల అద్దం మీద పెట్టాను. పనిచేసిన అచ్చుకు రేకుల అంచులన్నీ ఒకే మట్టంలో ఉండాలి, లేకపోతే బట్ట మీద సగం పిట్టే పడుతుంది. గోడకు తగిలించే సరుకు అద్దం మీద పెడితే కుంటి పీటలా ఊగుతుంది. ఇది కదలలేదు. అంచు కింద కాగితం దూర్చబోతే దూరలేదు. పిడి చూశాను. మధ్యలో అరచెయ్యి పట్టేచోట మాత్రమే నున్నగా అరిగి ఉంది, చివర్లలో లేదు. దాని పక్కన చిన్న ఉలితో కొట్టిన రెండు అక్షరాలు. మేము బిందెల మీద పేర్లు కొట్టినట్టే అక్కడి కార్ఖానాల వాళ్ళూ కొట్టుకుంటారు. అతుకులు వెనకవైపు ఒకదానిలా ఒకటి లేవు. చేత్తో చేసినవి. ఆ తర్వాత వాకిట్లో ఎండలో కాసేపు పెట్టి, వేడెక్కాక ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఎండుచేపల వాసన వెనక నుంచి గుగ్గిలం వాసన వచ్చింది. ఆమెకు ఇచ్చాను.

"మా పడవ వాసన" అంది. ఆమె ముఖం వాడిపోయింది. పడవ చెక్కల సందుల్లో నీళ్ళు రాకుండా పూసేది గుగ్గిలమే కదా. ఇది ఇక్కడే అంటుకుందని తమ్ముడు అనేస్తాడు.

"పడవకి నూనె కలిపి పూస్తారు. అది సాగుతుంది. దీన్ని గోటితో గీకి చూడు."

గీకింది. పొడి పెళుసుగా లేచి, వేళ్ళ మధ్య నలిపితే కొవ్వొత్తిలా జారింది. అది మైనం కలిసిన గుగ్గిలం.

"జావాదేనే" అన్నాను. "పాతది. పనిచేసినది."

ఆమె గుమ్మం మీద కూర్చుండిపోయింది. కాసేపు ఎదురుగా తన చేపల బుట్టల కేసి చూసింది. తర్వాత నేను భయపడుతున్న ప్రశ్నే అడిగింది.

"అయితే మా అయ్య ఎల్లినట్టేనా?"

రాగి తను పుట్టిన ఊరు చెబుతుంది, ఎవరి సంచిలో వచ్చిందో చెప్పదు. రేవులో పాత సామాన్లవాడి దగ్గర కొనుక్కుని జావా నుంచి తెచ్చానని చెప్పినా రాగి ఇలాగే ఉంటుంది. ఆ మాట అన్నాను. "మా తమ్ముడూ అదే అంతాడు" అంది.

"రెండన్నావు. ఇంకోటేది?"

"వంటింట్లో ఉన్నాది. పులుసు సట్టి దించుకోడానికి కుదురు సేసుకున్నాం. మా అమ్మ ఉన్నకాడ నుంచీ అదే కుదురు."

నేను తల పట్టుకున్నాను. మా ఆయన నవ్వాపుకోలేక లోపలికి వెళ్ళిపోయాడు.

"దాని మీద పిట్ట ఎటు చూస్తోంది?"

"పిట్టున్నాదేటి దానికి? మసే కనపడతాది."

ఆదివారం వాళ్ళ ఊరు వెళ్ళాను. ఆమె తండ్రి మాట నిలబడాలనే వెళ్ళానని చెప్పుకోవడం బాగుంటుంది గానీ, దారి పొడుగునా సరుగుడు తోటల మధ్య ఆటోలో కుదుపులు తింటూ నేను లెక్క వేసుకున్నది జత ధర. ఇలాంటివి విడిగా దొరుకుతాయి. ఎదురెదురుగా చూసే జత దొరకడం అరుదు. జతకు ధర రెట్టింపు కాదు, అంతకంటే చాలా ఎక్కువ. డబ్బూ తెచ్చుకున్నాను, మెత్తటి గుడ్డా తెచ్చుకున్నాను చుట్టి పట్టుకెళ్ళడానికి.

ఇంటి ముందు పందిరి కింద తమ్ముడు పడవ ఇంజను విప్పి పెట్టుకుని ఉన్నాడు. చేతుల నిండా గ్రీజు. అరుగు మీద ముసలాయన వల కంతలు అల్లుతున్నాడు. మనిషి బక్కగా ఉన్నా వేళ్ళు మాత్రం గబగబా ఆడుతున్నాయి.

"రండమ్మా" అన్నాడు తమ్ముడు. "మా అయ్య కథ కొనడానికొచ్చినారా? అది తూకానికి రాదు."

"ఒరే, నోర్ముయ్యి. పెద్దావిడ" అంది అక్క.

"నానేటన్నాను? జావాదని సెప్పినారంట. అవ్వొచ్చు. నా ఇంజను జపానుది. అలాగని నాను జపానెల్లొచ్చినానేటి?"

ఆమె కుదురు తెచ్చి ఇచ్చింది. ఏళ్ళ మసి, పులుసు, అంటుకుపోయిన బూడిద. చింతపండు అడగలేదు. వెదురు పుల్ల చెక్కించుకుని, వేడినీళ్ళ గుడ్డతో తుడుస్తూ కంతకంతకూ గీకాను. ముందు తీగ బయటపడింది. తర్వాత తోక. చాలాసేపటికి ముక్కు. రెండు అచ్చులూ అరుగు మీద పక్కపక్కన పెట్టాను. పిట్టలు రెండూ ఒకదానినొకటి చూస్తున్నాయి. ఈక తప్పకుండా అదే పిట్ట, అద్దంలో చూసుకున్నట్టు.

"రెండు పిట్టలు" అన్నాడు తమ్ముడు. "అయితే ఏటి?"

నేను ముసలాయన వైపు తిరిగాను. "బాబాయ్, రెండెందుకు తెచ్చుకున్నావు? ఒకటి చాలదా?"

ఆయన వేళ్ళు ఆగిపోయాయి. నా ముఖంలోకి చూశాడు. కోపం లేదు, అలసట ఉంది.

"మీరూ అడగడానికొచ్చినారా తల్లీ, గుడ్డకి ఎన్ని పక్కలని?"

"రెండు" అన్నాను.

వల ఒళ్ళోంచి జారింది. ఆయన ఎత్తుకోలేదు.

కొడుకుకు వినబడేలా చెప్పాను. మైనం ఒక పక్కే అద్దితే లోపలిదాకా సరిగా దిగదు, వెనక నుంచి రంగు పాకి బొమ్మ చెడుతుంది. అందుకని మంచి పనివాళ్ళు బట్టను తిరగేసి రెండో పక్కా అద్దుతారు. తిరగేశాక పిట్ట మొదటి పిట్ట మీదే పడాలంటే రెండో అచ్చు అటుతిరిగి ఉండాలి. నాకు ఇది ఫోన్లో చూసి, చదివి తెలిసింది. మీ అయ్య కుర్రవాడిగా ఉన్నప్పుడు ఈ ఒడ్డున ఎవరికి తెలుసు? అబద్ధం చెప్పేవాడు నమ్మేలాంటిది చెబుతాడు. నవ్వులపాలయ్యే ముక్కను ఎందుకు కలుపుకుంటాడు?

తమ్ముడు గ్రీజు చేతులు తుడుచుకున్నాడు. "మాటలు బాగున్నాయమ్మా. సూపించండి."

నేను చూపించలేను. కొన్నాను, అమ్మాను, ధర కట్టాను. ఒక్కసారీ అద్దలేదు. ఆ మాట చెప్పబోయేంతలో ముసలాయన లేచాడు.

"కొవ్వొత్తులట్రాయే" అన్నాడు కూతురితో. "పడవకాడ గుగ్గిలం ముక్కున్నాది, అదీ తే."

మూడు రాళ్ళ పొయ్యి మీద వెడల్పాటి రేకు పళ్ళెం పెట్టాడు. అడుగున గోనెగుడ్డ మడిచి పరిచాడు. దాని మీద కొవ్వొత్తులు, దంచిన గుగ్గిలం. కరిగాక గోనె తడిసి మెత్తటి దిండులా అయింది. తన భుజం మీది తెల్ల తువ్వాలు తీసి, తడి ఇసుక మీద ఇంకో గోనె వేసి, దాని మీద పరిచాడు. అచ్చును మైనంలో పెట్టి వేడెక్కేదాకా ఊరుకున్నాడు. ఎత్తి, ఒకసారి విదిల్చి, అద్దాడు. మైనం పాకిపోయి పిట్ట కోడిపెట్టయింది.

తమ్ముడు నవ్వాడు. "జావా పెట్ట."

"మైనం ఏడెక్కువైంది" అన్నాడు ముసలాయన, తనలో తాను. కట్టె ఒకటి బయటకి లాగాడు. మళ్ళీ ముంచాడు, ఈసారి అచ్చును ముఖం దగ్గర పెట్టుకుని ఊదాడు. తువ్వాలు ఇంకో మూల మీద ఆనించి, పిడి మీద అరచేతి మడమతో ఒక్క నొక్కు నొక్కి తిన్నగా పైకి ఎత్తాడు. ముద్ర కొట్టినట్టు కొట్టలేదు. పడుకున్న పిల్లాడి నుదుటి మీద చెయ్యేసి తీసినట్టు తీశాడు. తీగలు, చుక్కలు, ఈకలు, అన్నీ విడివిడిగా పడ్డాయి.

తువ్వాలు తిరగేశాడు. అవతలి పక్కన మైనం మరకలా లీలగా కనబడుతోంది. ఆయన పిట్ట వంక చూడనే లేదు. మూలలో తీగ కొస ఉంటుందే, దాని మీద ఎడమచేతి చూపుడువేలు పెట్టి, రెండో అచ్చు మూలను ఆ వేలికి ఆనించి, వేలు తీసేస్తూ దించాడు. ఎత్తాడు. అచ్చు పక్కన పెట్టి చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు, ఏం పడిందో చూడకుండానే.

కూతురు తువ్వాలు ఎత్తి ఎండకు పట్టింది. మైనం ఉన్నచోట గుడ్డలోంచి వెలుగు దిగింది. తమ్ముడు దగ్గరికొచ్చాడు. ఇటు నిలబడి చూశాడు. అటు తిరిగి వెళ్ళి చూశాడు. మళ్ళీ ఇటు వచ్చాడు. ఎటునుంచి చూసినా పిట్ట ఒక్కటే. గీత పక్కన గీత లేదు.

"అయ్యా" అన్నాడు. "నువ్వు కట్టెలు మోసినానని కదేటి సెప్పినావు? ఆ మూలకి ఏలెట్టడం కట్టెలు మోసినోడికి ఎలాగొచ్చింది?"

ముసలాయన తువ్వాలు లేని భుజం చేత్తో తడుముకున్నాడు. "మొదట కట్టెలే మోసినాను. తరవాత అచ్చే ఏసినాను, ఓడ బాగయిందాకా. అచ్చేసినానని సెప్తే ఇంకా నవ్వుదురని, కట్టెలు మోసినానని సెప్పినాను. అదేనా నమ్ముతారని."

నేను అంతకు ముందు చాలా బేరాలు చూశాను. వస్తువు పోతుందేమోనని ధర తగ్గించుకున్నవాళ్ళను చూశాను. తను చేసిన పనిని తానే తగ్గించి, కట్టెల దగ్గరకు దించి, ఊరి ముందు పెట్టిన మనిషిని అప్పుడే చూశాను. అంత తగ్గించినా ఊరు కొనలేదు. ఇల్లూ కొనలేదు. నా సంచిలో మెత్తటి గుడ్డ ఒకటి ఉందని గుర్తొచ్చి, సంచి కాస్త వెనక్కి జరుపుకున్నాను.

కొడుకు ఇంజను దగ్గరకు వెళ్ళి ఒక బోల్టు చేతిలోకి తీసుకున్నాడు. దాంతో ఏమీ చెయ్యలేదు. చివరికి నన్ను అడిగాడు.

"అమ్మా, ఇవి రెండూ ఎంత సేస్తాయి?"

చెప్పాను. విడిగా అయితే ఎంతో, జతగా అయితే ఎంతో, పిడి మీద అక్షరాలూ, మట్టం చెడని అంచులూ ఉన్నందుకు ఎంతో, ఒకటి పొయ్యి దగ్గర నల్లబడినందుకు ఎంత తగ్గుతుందో. ఆటోవాడి తూకానికీ దానికీ పోలికే లేదు. ముందు అనుకున్న ధర కాదు, ఉన్న ధర చెప్పాను. మా నాన్న వినుంటే కొట్టులోంచి నన్ను గెంటేసేవాడు.

ముసలాయన అరుగు మీద నుంచి అన్నాడు. "అయితే పట్టుకుపో తల్లీ. సాచ్చికానికి ఉంచినాను. ఆడు సూసీసినాడు కదా. ఇంక ఎందుకు?"

నా చెయ్యి సంచి మీదకు వెళ్ళింది. అలవాటు.

"అమ్మం" అన్నాడు కొడుకు.

నేను ఆగాను. నాలో ఇంకా మా నాన్న కొట్టే ఉంది. అమ్మం అంటే ఇంకొంచెం పెంచమని అర్థం. పెంచడానికి నోరు తెరిచాను కూడా.

"అప్పా" అంది ఆమె నవ్వుతూ. "ఇది బేరం కాదు."

తెరిచిన నోటితో మంచినీళ్ళు అడిగాను.

తర్వాతి సంతకు వెనక గదిలోంచి మంచి ఇత్తడి కుదురు ఒకటి తీసి తుడిచి పెట్టాను, ఆమె పులుసు సట్టికి చోటు లేకుండా చేసినది నేనే కాబట్టి. ఆమె ఊరికే తీసుకోనంది. బదులుగా చేపలు పొట్లం కట్టింది. ఊరు సంగతులు అడిగాను. తువ్వాలును తండ్రి ఉతకనివ్వడం లేదట. రెండు అచ్చులూ సామాన్ల పెట్టెలో కాదు, పడవ లైసెన్సూ దేవుడి పటాలూ ఉండే గూట్లో పెట్టారట. ఒడ్డున ఎవరు కూర్చున్నా ఆ పాత ప్రశ్న ఇప్పుడు తమ్ముడే అడుగుతున్నాడట. "గుడ్డకి ఎన్ని పక్కల్రా?" అని. ఎవడైనా నవ్వితే ఇంటికి లాక్కొచ్చి తువ్వాలు ఎండకు పట్టి చూపిస్తున్నాడట.

"మా అయ్య ఏటంతన్నాడో తెలుసా అప్పా? ఒక్క పిట్టేటి, ఓడంత గుడ్డలు అద్దీవోణ్ణి అంతన్నాడు."

"నిజమేనంటావా?"

"ఏమో మరి. ఇప్పుడు పెంచుతన్నాడు."

ఇంకో రకం నెత్తళ్ళు బాగున్నాయనిపించి ధర అడిగాను. చెప్పింది. ఎక్కువే చెప్పింది. నేను ఏదో ఆలోచనలో ఉండి డబ్బు తీసి బల్ల మీద పెట్టాను.

ఆమె డబ్బు ముట్టుకోలేదు. నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

"ఏటప్పా, జొరమేటి?"

సగానికి అడిగాను. "అలాగుండు" అంది, కూర్చోవడానికి పీట లాక్కుంటూ. "నీ ఇంట్లో పిల్లి కూడా అంత తక్కువకి తినదు."